కూలిన ఇంటి మీద లాభం

మోతీలాల్ ఇల్లందు దగ్గర ఒక బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తవ్వేసిన చోట పైకప్పు జారకుండా కర్రలు నిలబెట్టి బిగించడం అతని పని. ఇనుపకడ్డీతో పైనున్న రాయిని తట్టి, ఆ చప్పుడు విని, ఇది నిలబడుతుంది, ఇది పడుతుంది అని చెప్పేవాడు. పదిహేడేళ్ళ సర్వీసులో అతను కర్రలు పెట్టిన చోట ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదని అతని తోటివాళ్ళు నాతో అన్నారు.

నా పేరు వెంకటనారాయణ. మాది మధిర వైపు. ఆదాయపు పన్ను ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా ఆఫీసు ఏ ఊళ్ళో ఉండేదో ఇక్కడ అనవసరం. నా చేతుల మీదుగా వేల ఫైళ్ళు పోయాయి, వాటిలో మనుషుల ముఖాలు పది కూడా గుర్తు లేవు. మోతీలాల్ ముఖం మాత్రం పోలేదు. అతను చెప్పింది కొంత, ఫైల్లో ఉన్నది కొంత, తండాకు వెళ్ళి నేను చూసింది కొంత కలిపి రాస్తున్నాను.

అతనిది అడవి అంచున ఇరవై గడపల లంబాడీ తండా. అన్నీ గడ్డి కప్పిన గుడిసెలే. ఆ తండాలో నెలజీతం వచ్చే మొదటి మనిషి మోతీలాల్. పెళ్ళయిన కొత్తలోనే ఇటుకల ఇల్లు కట్టాలని అనుకున్నాడు. 1971లో బాయి ఆఫీసు పూచీ మీద బ్యాంకు ఐదువేలు అప్పిచ్చింది. ఇటుకలు వాగు ఒడ్డున అతనూ, భార్య మంగ్లీ కలిసి కోసి, కాల్చారు. ఎండాకాలమంతా మంగ్లి తలమీదనే మోసింది. దూలాలకూ తలుపులకూ కలప అడవి నుంచి వచ్చింది. దూలాలు ఎత్తడానికి తండా మగవాళ్ళంతా తలో చెయ్యి వేశారు. పెంకులు మాత్రం కొన్నాడు. సిమెంటు చాల్లేదు. గోడలు తానొక్కడే లోపల మట్టితోనే కట్టి, బయట పైపూతగా సిమెంటు పూశాడు. చూసినవాళ్ళకు అది పక్కా ఇల్లే.

అప్పు ఇచ్చిన బ్యాంకు ఆ ఇంటికి ఏటేటా బీమా కట్టి, ఆ సొమ్ము అతని ఖాతాలోంచి తీసుకునేది. ధరలు పెరుగుతున్నాయని రెండుసార్లు బీమా మొత్తం కూడా పెంచింది. ఇంటికి బీమా ఉందన్న సంగతి మోతీలాల్‌కు తెలియనే తెలియదు.

1979 మే నెలలో కోస్తా మీదికి తుపాను వచ్చింది. దాని కొస మా జిల్లా అడవుల దాకా తగిలింది. ఆ సాయంత్రం నాలుగింటికి మోతీలాల్ రెండో షిఫ్టులో భూమి లోపల ఉన్నాడు. తండా మీద గాలి మొదలైంది. మొదటి గుడిసె కప్పు లేచిపోగానే జనం పిల్లల్ని ఎత్తుకుని, ఒకే ఒక్క ఇటుకల ఇంట్లోకి ఉరికారు. లోపల పదకొండు మంది చేరారు. మోతీలాల్ కూతురు రుక్మిణి, తొమ్మిదేళ్ళ పిల్ల, వచ్చినవాళ్ళకు చాపలు పరుస్తూ ఉందట. మంగ్లి కట్టేసిన బర్రెను విప్పడానికి బయటికి వెళ్ళింది.

ముందు పెంకులు లేచాయి. తర్వాత పడమటి గోడ లోపలికి పడింది.

రుక్మిణి చనిపోయింది. పక్క గుడిసె ధన్‌సింగ్ భార్య చనిపోయింది. మిగతావాళ్ళకు చేతులూ కాళ్ళూ విరిగాయి. గుడిసెలు వదలలేక అక్కడే ఉండిపోయినవాళ్ళకు, కప్పులు ఎగిరిపోయాక చేలగట్ల పక్కన బోర్లా పడుకున్నవాళ్ళకు, గీరుకున్న గాయాలు తప్ప ఏమీ కాలేదు.

బాయిలో కరెంటు పోయింది. మోతీలాల్ వాళ్ళ షిఫ్టును పొద్దుగుంకే వేళకు నడిపించి పైకి తెచ్చారు. దారి పొడుగునా చెట్లు అడ్డం పడి ఉన్నాయి. అతను తండా చేరేసరికి తెల్లవారింది. పిల్లను అప్పటికే బయటికి తీసి, తలుపు రెక్క మీద పడుకోబెట్టారు.

సర్కారు వాళ్ళు వచ్చి గడపకు ఇన్ని బియ్యం, గుడిసె వేసుకోవడానికి కొద్దిగా డబ్బు ఇచ్చారు. ఆర్నెల్ల తర్వాత బ్యాంకు నుంచి మోతీలాల్‌కు కబురు వచ్చింది. అంతకుముందు ఎవరో టేపు పట్టుకొచ్చి కూలిన గోడలు కొలిచి పోయారు గానీ, ఎందుకు కొలిచారో అతను అడగలేదు. బీమా కింద పద్దెనిమిది వేల ఆరువందలు మంజూరైంది. అప్పులో మిగిలిన పద్నాలుగు వందలు బ్యాంకు పట్టుకుని తక్కినది చేతికిచ్చింది. అంత డబ్బు అతను ఎన్నడూ చూడలేదు.

అందులోంచి ఎనిమిది వేలు తువ్వాల్లో మూటగట్టి, ఆ సాయంత్రమే ధన్‌సింగ్ గుడిసె ముందుకు వెళ్ళాడు. ధన్‌సింగ్ అప్పుడు చిన్నవాడు, ముప్ఫై లోపే. ఇద్దరు పిల్లలు.

"ధన్‌సింగ్, ఇవి తీస్కో."

"ఏంది అవి?"

"ఇంటి పైసలు. బీమావాళ్ళు ఇచ్చిండ్రు."

"నా పెండ్లాన్ని చంపిన ఇంటికి పైసలిచ్చిండ్రా?"

ధన్‌సింగ్ లేచి నిలబడ్డాడు.

"అన్నా, నువ్వేం జేసినవని అంటలేను. దాన్ని నీ ఇంటికి ఉరకమని చెప్పింది నేనే. నీ మొఖం చూస్తే గదే యాదికొస్తది. నా ముందుకు రాకు."

మోతీలాల్ మూట మంచం మీద పెట్టి వచ్చేశాడు. ధన్‌సింగ్ ఆ డబ్బుతో ఎడ్లజత కొన్నాడు. వాళ్ళిద్దరి మధ్య జరిగిన చివరి మాటలు అవే. తండాలో మిగతావాళ్ళు కూడా కొన్నాళ్ళు మోతీలాల్‌తో ముభావంగా ఉన్నారు. గుడిసె పోయినవాడికి బియ్యం, ఇల్లు పోయినవాడికి వేలు. వాళ్ళు పైకి ఏమీ అనకపోయినా అతనికి తెలుస్తూనే ఉండేది.

అతను మా ఆఫీసు దాకా రావడానికి కారణం నూటనలభై రెండు రూపాయలు.

ఆ ఏడాది మోతీలాల్ ఒక్క ఆదివారం కూడా ఇంటి దగ్గర లేడు. సెలవు రోజుల్లో కూడా పనికి పోయాడు. ఓవర్‌టైం ఎక్కువై, బాయి ఆఫీసు జీతంలోంచి నూటనలభై రెండు రూపాయలు పన్నుగా కోసింది. కాగితం పెడితే అది తిరిగి వస్తుందని తోటివాళ్ళు చెప్పారు. బాయి ఆఫీసు గేటు బయట టైపుమిషను పెట్టుకుని కూర్చునే చెంచురామయ్య దగ్గరికి వెళ్ళాడు. చెంచురామయ్య నేలకొండపల్లి మనిషి. అర్జీలు, రిటర్నులు రాసిపెట్టి బతికేవాడు.

"జీతం గాక ఇంకేమన్న పైసలు వచ్చినయా?" అని అడిగాడు చెంచురామయ్య.

"ఇల్లు కూలినందుకు బీమా వచ్చింది."

"అది రాయకపోతే ఎవరికీ తెల్వదు."

"రాయకుంటె దొంగతనం అయితదా?"

"అట్లని కాదు గానీ..."

"రాయి. దొంగపైసలు కావు గదా."

చెంచురామయ్య రాశాడు. నూటనలభై రెండు రూపాయల కోసం పెట్టిన ఆ కాగితం మా ఆఫీసరు బల్ల మీద ఆగిపోయింది. విచారణకు రమ్మని నోటీసు టైపు చేసి పంపింది నేనే.

1981 ఫిబ్రవరిలో మోతీలాల్ వచ్చాడు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, కనుబొమల్లో కడిగినా పోని బొగ్గు నలుపు. కూర్చోమన్నా కూర్చోలేదు. మా ఆఫీసరు కృష్ణా జిల్లా ఆయన. కఠినుడు కాదు. రూలు పుస్తకంలో ఉన్నది తప్ప ఇంకోటి చేయని మనిషి, అంతే.

"ఇల్లు బదిలీ అయిన తేదీ ఎప్పుడు?" అని అడిగారు ఆఫీసరు.

"బదిలీ ఏంది సారు? నేను అమ్మలే. కూలిపోయింది."

"అదేనయ్యా, కూలిన తేదీ చెప్పు. ఇల్లు పోయి దాని బదులు డబ్బు వచ్చింది కాబట్టి చట్టం దృష్టిలో బదిలీ అయినట్టే. కట్టడానికి ఎంత ఖర్చయింది?"

"తొమ్మిది వేల దాకా."

"రసీదులు?"

బ్యాంకు కాగితం తప్ప ఏమీ లేదు. అందులో ఐదువేలు ఉంది. ఇటుకలు ఎక్కడ కొన్నావని అడిగారు. మేమే కోసుకున్నం అన్నాడు. కూలి ఎవరికిచ్చావంటే, మా ఆమె మోసింది, గోడలు నేనే పెట్టిన, దూలాలు మావాళ్ళు ఎత్తిండ్రు అన్నాడు.

"కలప?"

"అడవిది సారు."

ఆఫీసరు కలం ఆపారు. తలెత్తి అతని వైపు చూసి, గొంతు తగ్గించారు. "ఆ ముక్క నేను రాస్తే ఈ కాగితం ఎక్కడెక్కడికి పోతుందో నీకు తెలుసా? ఫారెస్టువాళ్ళు కేసు పెడతారు. రాయమంటావా?"

మోతీలాల్ తల అడ్డంగా ఊపాడు. కలప విలువ సున్నా అయింది. మంగ్లి మోసిన ఇటుకల విలువా సున్నానే. ఖర్చు ఐదువేలు, రాబడి పద్దెనిమిది వేల ఆరువందలు.

"ఈ తేడా ఉంది చూశావూ, పదమూడు వేల ఆరువందలు, అది లాభం. అందులో తగ్గింపులు కొన్ని ఉంటాయి. మిగిలిన దాని మీద పన్ను కట్టాలి."

"లాభమా?" అన్నాడు మోతీలాల్. ఆయన్ను కాదు అడిగింది. పక్కన కూర్చుని రాసుకుంటున్న నావైపు తిరిగి అడిగాడు. నేను తల దించుకున్నాను.

కాసేపటికి ధన్‌సింగ్‌కు ఎనిమిది వేలు ఇచ్చిన సంగతి చెప్పాడు. ఆఫీసరు శ్రద్ధగానే విన్నారు. ధన్‌సింగ్‌కు బాకీ ఉన్నావా అని అడిగారు. లేదన్నాడు. కాగితం రాసుకున్నారా అంటే అదీ లేదన్నాడు. "అది నీ ఇష్టంతో ఇచ్చినది. మంచి పని చేశావు, కాదనను. కానీ లెక్కలోంచి తీసెయ్యడానికి దారి లేదు" అన్నారు.

అప్పుడు ఆఫీసరే ఒక మాట చెప్పారు. ఇల్లు పోయిన రెండేళ్ళ లోపల ఆ డబ్బుతో మళ్ళీ ఉండటానికి ఇల్లు కట్టుకుంటే, కొత్త ఇంటికి పెట్టినంత మేరకు ఈ లాభం మీద పన్ను పడదు. "మే నెల దాకా టైముంది. దగ్గరున్న డబ్బుతో రెండు గదులు వేయించు. రసీదులు దాచు. పన్ను ఉంటే నామమాత్రంగా ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. నీలాంటివాళ్ళ కోసమే ఆ దారి పెట్టారు."

ఆయన నిజంగా మేలు కోరే చెప్పారు. మోతీలాల్ దండం పెట్టి బయటికి వచ్చాడు.

బస్సుకు గంట టైముందని నేను అతన్ని ఎదురుగా ఉన్న హోటలుకు తీసుకెళ్ళాను. చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇల్లు కట్టుకో మోతీలాల్. ఆఫీసరు చెప్పింది మంచిమాటే" అన్నాను.

"అవ్ సారు, మంచిమాటే."

"డబ్బు మిగిల్లేదా?"

"ఉన్నయ్. అవి ముట్టలే." గ్లాసు చేతుల మధ్య తిప్పాడు. "సారు, మీకొక్కరికే చెప్తున్న. ఆ గోడ సిమెంటుది కాదు. మట్టిది. సిమెంటు పైపైననే పూసిన. తండల అందరు పక్కా ఇల్లు అనుకున్నరు. గాలిదుమారం వస్తె మా ఇంటికే వచ్చిండ్రు. మట్టిదని నాకొక్కనికే ఎరుక. బాయిల రాయిని కడ్డీతోటి కొట్టి చెప్తా, ఇది పడ్తది, జరుగుండ్రి అని. మా ఇంట్ల గోడను ఎన్నడు తట్టి సూడలే."

చాయ్ తాగకుండానే లేచాడు.

గడువు తీరిన వారానికి, కొత్త ఇల్లు కట్టాడో లేదో చూసి రిపోర్టు రాయమని ఆఫీసరు నన్ను పంపారు. ఇల్లందులో బస్సు దిగి, సైకిలు కిరాయికి తీసుకుని తండాకు వెళ్ళాను. మోతీలాల్ డ్యూటీలో ఉన్నాడు. పాత ఇల్లున్న చోట పునాది రాళ్ళు కూడా లేవు, ఎవరో అవసరానికి పట్టుకుపోయినట్టున్నారు. కాస్త పక్కగా గడ్డి గుడిసె. దాని ముందు సున్నం బస్తా ఒకటి, రెండు వరసల కొత్త ఇటుకలు. బస్తా వానకు తడిసి గడ్డకట్టింది.

గుడిసెలోంచి మంగ్లి వచ్చింది. ఎవరని అడిగింది. చెప్పాను. ఆమె తెలుగు కొంచెం ఆగి ఆగి వచ్చేది.

"ఇల్లు కట్టలేదేమ్మా?" అన్నాను.

"మొదలుపెట్టిండు. మార్చిల సున్నంతోటి ముగ్గు పోసిండు, మొలలు కొట్టి తాడు కట్టిండు. మనుషులు రాలే పనికి. అడిగిండు, ఎవరు రాలే. ఒక్కడే తవ్విండు రెండు దినాలు."

"తర్వాత?"

"తాడు నేనే పీకేసిన. మొలలు పొయిల పెట్టిన." ఆమె గొంతులో కోపం లేదు. "గోడలు పెడితే నేను లోపలికి రానని చెప్పిన సారు. గడ్డి మీద పడ్డా మనిషి సావడు. గోడల మధ్య నాకు నిద్ర రాదు. నువ్వు కట్టుకో, నువ్వే పండుకో అన్న."

"కట్టుకుంటే పన్ను ఉండదమ్మా. చెప్పలేదా అతను?"

"చెప్పిండు. ఎంత అయితది పన్ను?"

"పదమూడు వందల చిల్లర."

"పన్నే కడతం" అంది మంగ్లి. నీళ్ళు తాగుతావా అని అడిగి, చెంబు తెచ్చిచ్చింది.

ఆ రోజు సాయంత్రం రిపోర్టులో నేను రాసింది ఒకే ఒక్క వాక్యం. కొత్త నివాస గృహం నిర్మించబడలేదు. తాడు సంగతి, మొలల సంగతి రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. చోటున్నా రాసేవాణ్ణో లేదో చెప్పలేను.

నేను చేయగలిగీ చేయని పని ఒకటుంది. అప్పటికే మా పట్నంలో ఒక ముసలి ప్లీడరు, దానంతట అది నాశనమైన ఆస్తిని బదిలీ అనకూడదని, అమ్మేవాడూ కొనేవాడూ లేని చోట లాభం ఎక్కడిదని ఇంకెవరి కేసులోనో గట్టిగా వాదిస్తున్నాడు. అప్పీలుకు పొమ్మని, ఆ ప్లీడరును కలవమని మోతీలాల్‌కు చెప్పగలిగేవాణ్ణి. ఆఫీసులో ఉంటూ ఆఫీసు మీద అప్పీలుకు పొమ్మని ఎలా చెప్పడమని ఊరుకున్నాను. ఆర్డరు వచ్చాక అప్పీలుకున్న ముప్ఫై రోజుల గడువు అలాగే పోయింది.

ఆ ఆర్డరులోనే నూటనలభై రెండు రూపాయలు పన్ను కింద జమ చేసుకున్నారు. తక్కినది నెలకు డెబ్బై అయిదు చొప్పున జీతంలోంచి కోశారు. బ్యాంకులో డబ్బు ఉంది కదా, ఒక్కసారే కట్టెయ్యరాదా అని చెంచురామయ్య అడిగితే, ఆ పైసల్లోంచి తీయనన్నాడట. దాదాపు ఏడాదిన్నర అలా కడుతూ పోయాడు.

మిగిలిన ఇంటి డబ్బు ఏమైందో నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు గోడ కింద నడుము విరిగిన రామ్‌సింగ్ అనే ముసలాయన ఐదేళ్ళు మంచంలో ఉన్నాడు. ఆయన దవాఖానా ఖర్చులన్నీ అందులోంచే పోయాయి. మోతీలాల్ తన కోసం అందులోంచి ఒక్క రూపాయి వాడలేదు.

1991 చివర్లో ఢిల్లీ సుప్రీంకోర్టు తీర్పు ఒకటి మా ఆఫీసుకు వచ్చింది. ఒక మిల్లు కేసు. అగ్నిప్రమాదంలో మిషన్లు కాలిపోతే వచ్చిన బీమా సొమ్ము మీద పన్ను. ఆస్తి నాశనం కావడం బదిలీ కాదని, ఆ సొమ్ములో పన్ను వేయదగిన లాభం లేదని కోర్టు చెప్పింది. ఆ కాగితం రెండుసార్లు చదివాను. మోతీలాల్ మొదటిరోజు నిలబడి చెప్పిన మాటే అది.

సంక్రాంతి పోయాక ఒక ఆదివారం తండాకు వెళ్ళాను. పదేళ్ళలో చాలా గుడిసెలు పెంకుటిళ్ళయ్యాయి. ధన్‌సింగ్‌ది కూడా. మోతీలాల్‌ది మాత్రం గడ్డి గుడిసే. ఊపిరితిత్తుల జబ్బుతో ముందే పని మానేశాడు. ఎండలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు, దగ్గు వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

తీర్పు సంగతి చెప్పాను. విన్నాడు.

"అంటె అప్పుడు నేను కట్టింది కట్టవలసింది కాదా సారు?"

"కట్టాల్సింది కాదు."

"గా సారు ఏడున్నడు, ఆఫీసరు?"

"రిటైరైపోయారు. పోయారు కూడా."

"మంచోడే" అన్నాడు మోతీలాల్.

జేబులోంచి నేను రాసుకొచ్చిన అర్జీ తీశాను. గడువు ఎప్పుడో దాటిపోయింది. పై ఆఫీసరుకు పెట్టుకుంటే, దయతలిస్తే, ఆలస్యాన్ని మన్నించి డబ్బు వాపసు ఇవ్వొచ్చు. ఇస్తారన్న నమ్మకం నాకే లేదు. అయినా ఒక సంతకం పెట్టమన్నాను.

అతను కాగితం చేతిలోకి తీసుకున్నాడు. తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. మొదటి పేరా మీద వేలు ఆగింది. 1979 మే నెలలో తుపాను వల్ల నా సొంత గృహం పూర్తిగా కూలిపోగా అని ఉంది అక్కడ. అంతవరకు చదివి, నాకు తిరిగి ఇచ్చేశాడు.

"వద్దు సారు. మళ్ళ ఎవరో పిలుస్తరు, ఏ తారీకు కూలింది అని అడుగుతరు. నేను మళ్ళ చెప్పాలె."

మంగ్లి గుడిసె గడపలో నిలబడి వింటోంది. నేను కాగితం మడిచి పెట్టుకున్నాను.

ఆ ఏడాది వానాకాలంలో కొత్తగూడెం దవాఖానాలో మోతీలాల్ చనిపోయాడు. సంగతి నాకు నాలుగు నెలలకు గానీ తెలియలేదు. చెంచురామయ్య చెప్పాడు. శవాన్ని తండాకు తెచ్చిన ట్రాక్టరు ధన్‌సింగ్ కొడుకుదట. ధన్‌సింగ్ వచ్చి మోయడానికి ఒక పక్క పట్టాడని, అప్పుడు కూడా ఏమీ మాట్లాడలేదని చెప్పాడు.

తర్వాత ఒకసారి ఇల్లందు బస్టాండులో మంగ్లి కనిపించింది. తునికాకు కట్టలు కంట్రాక్టరు కల్లంలో అప్పగించి వస్తోంది. పలకరిస్తే గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. బాగున్నావా అని అడిగాను. బాగున్న సారు అంది. బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే ఆమె పక్కకు జరిగి, ఆఖర్న ఎక్కింది.